పిలుపు ఉన్నా పని లేని కోడ్

2018 అక్టోబరు 28న ఖతర్‌లో ఒక కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది 13వ చట్టం అది. అంతవరకు ఆ దేశంలో పనిచేసే విదేశీ కార్మికులు ఊరికి బయల్దేరాలంటే ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. అది కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, ఒప్పుకుంటేనే వచ్చేది. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి దోహా వెళ్లినవాళ్ల ఇళ్లలో ఈ మాట తెలియనివాళ్లు తక్కువ. ఇంట్లో పెళ్లయినా చావైనా ఆ కాగితం చేతికి రానిదే విమానం ఎక్కే వీల్లేదు. కొత్త చట్టంతో కార్మిక చట్టం కిందికి వచ్చే చాలామందికి ఆ బాధ తప్పింది. 2020 జనవరిలో ఇళ్లలో పనిచేసేవాళ్లకు, చమురు, వ్యవసాయ రంగాల వాళ్లకు కూడా తప్పింది. అదే ఏడాది తెచ్చిన 18, 19 చట్టాలతో ఉద్యోగం మారడానికి పాత యజమాని ఇవ్వాల్సిన ఎన్‌ఓసీ కూడా పోయింది. మరి ఆ కాగితాల కోసం కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో రాసిపెట్టిన కోడ్ సంగతేమిటి? దాన్ని తీసెయ్యమని ఏ గెజిట్‌లోనూ రాయరు. తీసేసే ముందు అది ఎక్కడెక్కడ ఉందో, నిజంగా అక్కర్లేనిదో కాదో ఎవరో ఒకరు తేల్చాలి. ఆ పని యంత్రానికి అప్పజెప్పవచ్చా అన్నది ఈ అధ్యాయం విషయం. నా జవాబు ముందే చెబుతాను. ఒక కోడ్ అక్కర్లేదని తేల్చడం యంత్రం వల్ల కాదు. కానీ అక్కర్లేదన్న ఒక్క సంగతి మనిషి చెబితే, దాని వెంట ఇంకా ఏమేం పోవాలో మనిషి కంటే యంత్రమే బాగా తేలుస్తుంది.

ప్రోగ్రాంను నడపకుండా, దాని పాఠాన్ని చదివి, నడిస్తే ఏం జరుగుతుందో అంచనా కట్టడాన్ని స్టాటిక్ అనాలిసిస్ అంటారు. అక్కర్లేని కోడ్ వెతకడానికి అది వాడే పద్ధతి చూడ్డానికి తేలికైనదే. ప్రోగ్రాం మొదలయ్యే చోట నిలబడి, అక్కణ్నుంచి ఏ ఫంక్షన్‌ను పిలుస్తున్నారో చూసి గుర్తు పెడుతుంది. ఆ ఫంక్షన్ లోపల మళ్లీ దేన్ని పిలుస్తున్నారో చూస్తుంది. కొత్తగా గుర్తు పెట్టాల్సింది లేనంతవరకు ఇలా పోతూనే ఉంటుంది. చివరికి గుర్తు పడకుండా మిగిలినదంతా డెడ్ కోడ్. దాన్ని ఎవరూ పిలవరు, పిలవలేరు. పాత తరహా భాషల్లో పిలిచేచోట పిలిచే ఫంక్షన్ పేరే ఉంటుంది కాబట్టి చాలావరకు పని సులువుగా తెమిలిపోతుంది. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాషల్లో అలా తెమలదు. నార్వేలో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ రూపొందించిన సిములా 67 నాటి నుంచీ ఈ భాషలకు బలం ఒకచోటే ఉంది: పిలిచేవాడికి తాను ఎవర్ని పిలుస్తున్నాడో తెలియనక్కర్లేదు. ఎదురుగా ఏ ఆబ్జెక్ట్ ఉంటే దాని మెథడ్ పలుకుతుంది. రాసేవాడికి ఇది సుఖం. బయటి నుంచి చదివి, ఎవరు పలుకుతారో చెప్పాల్సిన యంత్రానికి ఇదే చిక్కు.

దగ్గర్నుంచి చూద్దాం. దోహాలో ఒక నిర్మాణ సంస్థ సిబ్బంది వ్యవహారాలకు జావాలో రాసిన ప్రోగ్రాం వాడుతోందనుకోండి. అందులో ‘అనుమతి’ అనే తల్లి క్లాస్, దాని కింద ‘సెలవు’, ‘ఎగ్జిట్’, ‘ఎన్‌ఓసీ’ అనే మూడు పిల్ల క్లాసులు ఉన్నాయి. మూడింటికీ ‘జారీ’ అనే మెథడ్ ఉంది, ఎవరి పద్ధతి వారిది. ప్రోగ్రాంలో ఒకచోట పెండింగ్ దరఖాస్తుల జాబితా తీసుకుని, ఒక్కొక్కదానికీ ‘జారీ’ని పిలిచే లూప్ ఉంది. ఆ వాక్యంలో కనిపించే పేరు ‘అనుమతి’ ఒక్కటే. అది నడిచినప్పుడు ముగ్గురు పిల్లల్లో ఎవరు పలుకుతారు? 1995లో జెఫ్రీ డీన్, డేవిడ్ గ్రోవ్, క్రెయిగ్ చాంబర్స్ ప్రచురించిన క్లాస్ హయరార్కీ అనాలిసిస్ అనే పద్ధతి ఇక్కడ ఏ సాహసమూ చెయ్యదు. వంశవృక్షంలో ‘అనుమతి’ కింద ఎవరెవరున్నారో చూసి, అందరూ పలకవచ్చంటుంది. కాబట్టి మూడు ‘జారీ’లూ బతికున్నట్టే. మరుసటి ఏడాది డేవిడ్ బేకన్, పీటర్ స్వీనీ తెచ్చిన రాపిడ్ టైప్ అనాలిసిస్ ఇంకొక ప్రశ్న అడుగుతుంది: ఆ క్లాసుకు చెందిన ఆబ్జెక్ట్‌ను ప్రోగ్రాంలో అందుబాటులో ఉన్న ఏ వాక్యమైనా అసలు పుట్టిస్తోందా? 2020 తర్వాత మన ప్రోగ్రామర్ స్క్రీన్ మీది ఎన్‌ఓసీ బటన్ తీసేశాడు. దానితోపాటు ‘ఎన్‌ఓసీ’ ఆబ్జెక్ట్‌ను పుట్టించే ఒకే ఒక్క వాక్యమూ పోయింది. పుట్టనిది పలకదు. మొదటి పద్ధతికి కనబడని డెడ్ కోడ్ రెండో పద్ధతికి కనబడింది. కంపైలర్ వేగం పెంచడానికి పుట్టిన ఈ పద్ధతులే తర్వాత కోడ్ శుభ్రం చేసే పనిముట్లకు పునాది అయ్యాయి.

అయితే ఇక్కడే ఒక గొయ్యి ఉంది. సంస్థలో పదేళ్లుగా పనిచేస్తున్న ఉద్యోగి పాత ఫైలును ఎవరో తెరిచారు. అందులో 2017 నాటి ఎన్‌ఓసీ దరఖాస్తు ఉంది. హైబర్నేట్ లాంటి ఫ్రేమ్‌వర్క్ డేటాబేస్‌లోని ఆ వరుసను చదివి, అక్కడ అక్షరాల్లో ఉన్న క్లాస్ పేరు చూసి, ‘ఎన్‌ఓసీ’ ఆబ్జెక్ట్‌ను అప్పటికప్పుడు పుట్టిస్తుంది. దీన్ని రిఫ్లెక్షన్ అంటారు. ప్రోగ్రాం పాఠంలో ఆ ఆబ్జెక్ట్‌ను పుట్టించే వాక్యం ఎక్కడా లేదు, ఆబ్జెక్ట్ మాత్రం పుట్టింది. యంత్రం మాట నమ్మి ఆ క్లాస్ తీసేస్తే పాత ఫైలు తెరుచుకోదు. ఆండ్రాయిడ్ యాప్‌లను కుదించే ప్రోగార్డ్, ఆర్8 లాంటి పనిముట్లకు ఈ సంగతి తెలుసు కాబట్టే, ఫలానా క్లాసుల జోలికి పోవద్దని ప్రోగ్రామర్ చేత నియమాలు రాయించుకుంటాయి. ఈ బలహీనత ఆ పనిముట్లు రాసినవాళ్ల అసమర్థత కాదు. ప్రోగ్రాం ప్రవర్తన గురించి మనం అడగదగ్గ ఏ ప్రశ్నకైనా, ప్రోగ్రాములన్నిటికీ తప్పు లేకుండా జవాబు చెప్పే పద్ధతి ఉండబోదని హెన్రీ గోర్డన్ రైస్ 1953లోనే నిరూపించాడు. ఈ వాక్యం ఎప్పటికైనా నడుస్తుందా అన్నదీ అలాంటి ప్రశ్నే. కాబట్టి ప్రతి పనిముట్టూ ఏదో ఒక వైపు తప్పుకు సిద్ధపడాలి. బతికున్నదాన్ని చంపడం కంటే చచ్చినదాన్ని వదిలెయ్యడం మేలనుకుని చాలా పనిముట్లు రెండో తప్పును ఎంచుకుంటాయి.

ఇప్పుడు అసలు చిక్కు చూద్దాం. ఎన్‌ఓసీ సంగతి ఎలాగో తేలింది. ‘ఎగ్జిట్’ సంగతి? 2018 చట్టం ఎగ్జిట్ పర్మిట్‌ను పూర్తిగా తుడిచెయ్యలేదు. పని స్వభావాన్ని బట్టి ఐదు శాతానికి మించకుండా కొందరు ఉద్యోగుల పేర్లు మంత్రిత్వ శాఖకు పంపి, వాళ్లు దేశం విడిచే ముందు తన అనుమతి ఉండాలని అడిగే అవకాశం యజమానికి మిగిల్చింది. అందుకని మన ప్రోగ్రామర్ ఎగ్జిట్ బటన్ తియ్యలేదు. బటన్ వెనక ‘ఈ ఉద్యోగి పేరు ఆ జాబితాలో ఉందా’ అని చూసే షరతు పెట్టాడు. ఆ సంస్థ అలాంటి జాబితా ఎన్నడూ పంపలేదు, పంపే ఉద్దేశమూ లేదు. జాబితా ఎప్పుడూ ఖాళీయే. స్టాటిక్ అనాలిసిస్‌ను అడగండి: బటన్ ఉంది, షరతు ఉంది, షరతు నెగ్గితే ‘ఎగ్జిట్’ ఆబ్జెక్ట్ పుడుతుంది, లూప్ దాని ‘జారీ’ని పిలుస్తుంది. కాబట్టి కోడ్ బతికే ఉందంటుంది. ఆ జవాబు వంద శాతం సరైనది. అయినా ఆ కోడ్ అక్కర్లేనిదే. జాబితా ఖాళీగా ఉందన్న సంగతి కోడ్‌లో లేదు, డేటాబేస్‌లో ఉంది. ఎప్పటికీ ఖాళీగానే ఉంటుందన్న సంగతి డేటాబేస్‌లోనూ లేదు, సంస్థలో నిర్ణయాలు తీసుకునేవాళ్ల మనసులో ఉంది. అక్కడిదాకా ఏ అనాలిసిస్ చూపూ పోదు. పైగా అదే ప్రోగ్రాంను వంద సంస్థలకు అమ్మే కంపెనీ వైపు నుంచి చూస్తే, ఆ వందలో ఒక్కరు జాబితా పంపినా ఆ కోడ్ కావాలి. ఒకే వరుస ఒకరికి అవసరం, మరొకరికి అనవసరం.

ఇదేదో ఖతర్ చట్టానికే పరిమితమైన ఇబ్బంది అనుకోనక్కర్లేదు. అక్కర్లేని కోడ్ వల్ల జరిగిన పెద్ద ప్రమాదాల్లో రెండిటిని పరీక్షించి చూడండి. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే బ్రోకరేజీ సంస్థ ముప్పావు గంటలో 46 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. ఆ సంస్థ ప్రోగ్రాంలో పవర్ పెగ్ అనే పాత సదుపాయం ఉండేది, 2003లోనే దాని వాడకం మానేశారు. కోడ్ మాత్రం తియ్యలేదు. 2012లో కొత్త సదుపాయం కోసం, పూర్వం పవర్ పెగ్‌ను లేపే ఫ్లాగ్‌నే మళ్లీ వాడారు. ఎనిమిది సర్వర్లలో ఒకదాని మీదికి కొత్త కోడ్ చేరలేదు. ఆ ఒక్క సర్వర్‌లో ఫ్లాగ్ పడగానే తొమ్మిదేళ్ల నాటి పవర్ పెగ్ లేచి, ఆపే దిక్కు లేకుండా ఆర్డర్లు పంపడం మొదలుపెట్టింది. అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ తన ఉత్తర్వులో ఆ కోడ్ అప్పటికీ పిలవదగ్గ స్థితిలోనే ఉందని రాసింది. అంటే ముందురోజు స్టాటిక్ అనాలిసిస్ చేసి ఉన్నా పవర్ పెగ్‌ను అది డెడ్ కోడ్ అని చూపించేది కాదు. రెండోది 1996 జూన్ 4న తొలి ఏరియన్ 5 రాకెట్. బయల్దేరిన సుమారు 40 సెకండ్లకే దారి తప్పి పేలిపోయింది. దిశను కొలిచే పరికరాన్ని నేల మీద ఉండగా సరిచూసే ఫంక్షన్ ఒకటి ఏరియన్ 4 నుంచి అలాగే వచ్చింది. ఏరియన్ 5 నేల విడిచాక దానితో పనే లేదు. అయినా నడుస్తూనే ఉంది. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి కుదించబోయి, పట్టక విఫలమై, పరికరాన్ని మొత్తంగా కూలదోసింది. ఇక్కడ కోడ్ పిలవదగ్గ స్థితిలో ఉండటం కాదు, నిజంగానే నడుస్తోంది. ఏ వరుసలు నడుస్తున్నాయో లెక్కపెట్టే పనిముట్టు పెట్టినా అది సజీవమనే చెప్పేది. ఆ ఫంక్షన్ అక్కర్లేదని తెలియాలంటే రాకెట్ సంగతి తెలియాలి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. చదివి ఊహించడం ఎందుకు, ప్రోగ్రాం నడుస్తుండగా ఏ మెథడ్‌లు వాడకంలో ఉన్నాయో కొన్నాళ్లు రికార్డు చేస్తే సరిపోదా? ఇది కొట్టిపారెయ్యదగ్గ మాట కాదు. సెబాస్టియన్ ఎడర్, ఆయన సహచరులు జర్మనీలో ఒక పారిశ్రామిక ప్రోగ్రాంను రెండేళ్లపాటు ఇలా గమనించి 2012లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు నాలుగో వంతు మెథడ్‌లు ఆ రెండేళ్లలో ఒక్కసారీ నడవలేదు. వాటిలో కొన్నిటికి మరమ్మతులు మాత్రం జరుగుతూనే ఉన్నాయి. ఇంత విలువైన సమాచారం చదవడంతో రాదు, నడిపి చూస్తేనే వస్తుంది. కానీ ఎన్నాళ్లు చూడాలి? ఖతర్ కార్మిక చట్టం ప్రకారం మామూలు రోజుల్లో వారానికి 48 గంటల పని, రంజాన్ నెలలో 36 గంటలు. ఆ 36 గంటల లెక్క వేసే కోడ్ ఏడాదికి ఒక్క నెలే నడుస్తుంది, ఆ నెల ఏటా సుమారు పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతుంది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట పని చేయించకూడదని 2021లో నియమం వచ్చింది. షిఫ్టులు వేసే ప్రోగ్రాంలో ఆ నియమం కోసం రాసిన భాగం చలికాలమంతా నిద్రపోతుంది. అక్టోబరులో మొదలుపెట్టి జనవరి దాకా గమనించినవాడు దాన్ని అక్కర్లేనిదని తీసేస్తే, వచ్చే జూన్‌లో మండే ఎండలో జనాన్ని పనికి పంపే షిఫ్టు తయారవుతుంది. నడిపి చూడటం ఏం జరిగిందో చెబుతుంది. జరగాల్సింది ఏమిటో దానికి తెలియదు.

మరి చదివే పద్ధతి పిలుపుల లెక్క దగ్గరే ఆగిపోవాలా? ఆగనక్కర్లేదని చూపిన పరిశోధన ఒకటుంది. రోమన్ హాస్, మరి ముగ్గురు 2020లో ప్రచురించిన అధ్యయనం అది. వాళ్లు పిలుపుల సంగతి పక్కన పెట్టి రెండు లక్షణాలు చూశారు: ఒక ఫైలు ఎంతకాలంగా మార్పు లేకుండా ఉంది, మిగతా కోడ్‌తో దానికి సంబంధాలు ఎంత తక్కువ. ఎవరూ ముట్టుకోనిది, అంచున ఒంటరిగా పడి ఉన్నది అయితే అనుమానించదగ్గది అన్నారు. 14 సాఫ్ట్‌వేర్ వ్యవస్థల మీద దీన్ని పరీక్షించి, అయిదు ప్రాజెక్టులకు చెందిన 25 మంది డెవలపర్లను అడిగారు. యంత్రం చూపినవాటిలో 34 శాతం నిజంగానే అక్కర్లేనివని వాళ్లు ఒప్పుకున్నారు. 20 శాతాన్ని ఆ ఇంటర్వ్యూలు అయిన కొద్ది రోజులకే తీసేశారు. డెడ్ కోడ్ పనిముట్లకు కనబడనివి కూడా అందులో ఉన్నాయి. 34 శాతం తక్కువని కొందరంటారు. నాకు అది ఎక్కువగానే కనిపిస్తుంది. లక్షల వరుసల్లో ఎక్కడ చూడాలో తెలియని మనిషికి, చూపిన ప్రతి మూడిటిలో ఒకటి నిజమయ్యే జాబితా దొరకడం చిన్న సాయం కాదు. మిగతా రెండూ ఎందుకు తప్పుతాయో కూడా ఖతర్ చట్టమే చెబుతుంది. ఉద్యోగం వదిలేటప్పుడు ఏడాదికి కనీసం మూడు వారాల మూల వేతనం చొప్పున గ్రాట్యుటీ ఇవ్వాలన్నది 2004 నాటి 14వ చట్టంలో ఉంది. ఆ లెక్క మారలేదు కాబట్టి ఆ ఫైలూ మారదు. మనిషి వెళ్లిపోయే రోజునే వాడతారు కాబట్టి మిగతా కోడ్‌తో దానికి సంబంధాలూ తక్కువే. పై రెండు లక్షణాలూ దానికి అచ్చంగా సరిపోతాయి. కానీ పదిహేనేళ్లు చెమటోడ్చి ఇంటికి వెళ్లే మనిషి చేతిలో పడే డబ్బు లెక్క అది.

ఇంకో రకం కోడ్ ఉంది, దానికి గతం లేదు, భవిష్యత్తే ఉంది. గల్ఫ్ దేశాలన్నీ కలిసి 2016లో వ్యాట్ మీద ఒక ఒప్పందానికి వచ్చాయి. సౌదీ, ఎమిరేట్స్ 2018 జనవరి నుంచి, బహ్రెయిన్ 2019 నుంచి, ఒమన్ 2021 ఏప్రిల్ నుంచి దాన్ని అమలు చేశాయి. ఖతర్ ఇంకా అమలు చెయ్యలేదు. గల్ఫ్ అంతటా అమ్మే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో వ్యాట్ క్లాసులు తప్పక ఉంటాయి. దుబాయిలో అవి ప్రతి బిల్లుకూ నడుస్తాయి, దోహాలో ఒక్క బిల్లుకూ నడవవు. దోహాలో గమనించినవాడు వాటిని అక్కర్లేని కోడ్ అంటే తప్పు. అయితే వాడకంలో లేని ప్రతిదాన్నీ రేపటి పేరు చెప్పి ఉంచుకోవడం అంతకంటే పెద్ద తప్పు. వ్యాట్ విషయంలో సంతకమైన ఒప్పందం ఉంది, పక్క దేశాల్లో అమలు ఉంది. అలాంటి ఆధారం చూపగలిగితే ఉంచాలి, చూపలేకపోతే తియ్యాలి. ఎప్పటికైనా పనికొస్తుందన్న ఊహ ఒక్కటే ఆధారమైతే అది చాలదు.

ఉంటే నష్టమేముంది, ఒక మూల పడి ఉంటుంది కదా అనేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. నైట్ క్యాపిటల్‌కు కలిగిన నష్టం వాళ్లకు దూరపు సంగతిలా అనిపించవచ్చు, కాబట్టి దగ్గరి సంగతే చెబుతాను. ప్రోగ్రాంలో మిగిలిపోయిన ఆమోదం గడి కోడ్ వరుసగానే ఉండిపోదు, మనిషి ముందు అడ్డంకిగా నిలబడుతుంది. చట్టం ఎగ్జిట్ పర్మిట్ వద్దన్నా, సెలవు ఫారంలో మేనేజర్ ఆమోదం నింపనిదే ముందుకు పోనివ్వని షరతు ఒకటి కోడ్‌లో ఉండిపోతే, ఫారం నింపే గుమస్తాకు చట్టం కంటే ఆ ఎర్ర అక్షరాలే పెద్దవి. కార్మికుడికి తన హక్కు తెలియకపోతే ఆ గడే చట్టమైపోతుంది. రద్దయిన నిబంధన సాఫ్ట్‌వేర్‌లో బతికున్నంతకాలం అది పూర్తిగా రద్దయినట్టు కాదు. తీసేస్తే మళ్లీ కావలసి వచ్చినప్పుడు ఎలా అన్న భయానికి జవాబు ఎప్పట్నుంచో ఉంది. గిట్ లాంటి వెర్షన్ కంట్రోల్‌లో తీసేసిన ప్రతి వరుసా, తీసినవాడి పేరుతో, తేదీతో భద్రంగా ఉంటుంది. కోవిడ్ కాలంలో ఖతర్ అందరి ఫోన్లలోనూ తప్పనిసరి చేసిన ఎహ్తెరాజ్ యాప్ లాంటిది రేపు మళ్లీ కావలసి వచ్చినా, పాత తనిఖీ కోడ్‌ను చరిత్రలోంచి బయటికి తియ్యడం గంటల పని. దాన్ని మధ్యలోనే పెట్టుకుని ఏళ్ల తరబడి మొయ్యనక్కర్లేదు.

అక్కర్లేదని యంత్రం చెప్పలేదు, మనిషికేమో లక్షల వరుసలు చదివే ఓపిక లేదు. ఇద్దరి పనినీ కలిపే దారి ఉబర్ సంస్థ 2020లో వివరించిన పిరానా అనే పనిముట్టులో కనిపిస్తుంది. ఉబర్ యాప్‌లలో కొత్త సదుపాయాలను ఫ్లాగ్‌ల వెనక పెడతారు. సదుపాయం అందరికీ వచ్చేశాక ఫ్లాగ్ పాతబడుతుంది, దాని అవతలి కొమ్మ అక్కర్లేనిదవుతుంది. పిరానాకు మనిషి చెప్పాల్సింది ఒక్కటే: ఫలానా ఫ్లాగ్ జవాబు ఇక ఎప్పటికీ ఇదే. అక్కణ్నుంచి స్టాటిక్ అనాలిసిస్ అందుకుంటుంది. ఫ్లాగ్ ఉన్న ప్రతిచోటా ఆ జవాబు పెడుతుంది, షరతులను సులభం చేస్తుంది, ఎన్నటికీ నడవని కొమ్మలను నరికి, ఆ మార్పును ఫ్లాగ్ రాసినవాడి పరిశీలనకు పంపుతుంది. మెటా సంస్థ కూడా చదవడాన్నీ నడిపి చూడటాన్నీ కలిపిన వ్యవస్థతో అయిదేళ్లలో పది కోట్లకు పైగా వరుసలు తీసేశామని 2023లో ప్రకటించింది. యంత్రానికి సరైన సంగతి అందితే అది ఎంతదూరం పోగలదో ఆ అంకె చెబుతుంది.

ఇదే పద్ధతి మన ‘ఎగ్జిట్’ క్లాస్ మీద వేసి చూద్దాం. ‘ఈ ఉద్యోగికి ఎగ్జిట్ పర్మిట్ కావాలా’ అన్న ప్రశ్న ప్రోగ్రాంలో పది చోట్ల పది రకాలుగా చెదిరి ఉంటే యంత్రం ఏమీ చెయ్యలేదు. ఆ ప్రశ్నను ఒకే మెథడ్‌లోకి తెచ్చి, దాని పక్కన అది ఏ చట్టం వల్ల ఉందో రాసి ఉంటే పరిస్థితి వేరు. సంస్థ ఐదు శాతం జాబితా పంపబోదని అధికారం ఉన్నవాళ్లు రాతపూర్వకంగా చెప్పిన రోజున, ఆ మెథడ్ జవాబు ఎప్పుడూ ‘కాదు’ అని పనిముట్టుకు చెప్పవచ్చు. ఆ ఒక్క మాటతో బటన్ పోతుంది. బటన్ పోతే ‘ఎగ్జిట్’ ఆబ్జెక్ట్‌ను పుట్టించే వాక్యం పోతుంది. ఇప్పుడు బేకన్, స్వీనీల పద్ధతి అడిగే ప్రశ్నకు జవాబు మారిపోయింది: పుట్టించేవాళ్లు లేరు, కాబట్టి దాని ‘జారీ’ పలకదు. ‘జారీ’ మాత్రమే పిలిచే ప్రింట్ మెథడ్, మేనేజర్‌కు గుర్తుచేసే ఈమెయిల్, వాటికోసమే ఉన్న సహాయక క్లాసులు ఒకదాని వెంట ఒకటి డెడ్ కోడ్‌లోకి జారతాయి. పిలుపు ఉన్న కోడ్‌ను పిలుపు లేనిదిగా మార్చింది మనిషి చెప్పిన ఒక్క మాట. ఆ మార్పు ఎక్కడెక్కడికి పాకుతుందో లెక్కగట్టింది యంత్రం. 2018కి ముందు ఫైళ్లు తెరవడానికి కావలసిన మేరకు ‘ఎగ్జిట్’ క్లాస్ ఒట్టి వివరాల రూపంలో మిగలాలి, ఆ మినహాయింపు కూడా మనిషే చెప్పాలి.

కాబట్టి ఈ పనికి కూర్చునేటప్పుడు ప్రోగ్రామర్లు మాత్రమే కూర్చుంటే చాలదు. ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ తిరిగి, ఏ కాగితం ఇంకా అడుగుతున్నారో, ఏది మానేశారో రోజూ కళ్లారా చూసే మందూబ్‌ను, సెలవులూ ఫైనల్ సెటిల్‌మెంట్లూ చూసే గుమస్తాను పక్కన కూర్చోబెట్టుకోవాలి. అనాలిసిస్ ఇచ్చిన అనుమానితుల జాబితాను వాళ్ల ముందు పెట్టి, ఒక్కొక్కటి ఏ నియమం కోసం పుట్టిందో, ఆ నియమం ఇప్పుడుందో లేదో అడగాలి. వాళ్లు ఒక పూటలో చెప్పగలిగేది కోడ్‌ను ఎన్ని నెలలు చదివినా తేలదు. దోహాలో ఉన్నా, హైదరాబాద్‌లో కూర్చుని దోహా కంపెనీకి రాస్తున్నా, ఈ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే తెలుగువాళ్లకు నా మనవి ఒకటే. చట్టం కోసం ఒక షరతు రాసిన ప్రతిసారీ దాని పక్కన ఆ చట్టం సంఖ్య, ఏడాది రాయండి. ఆ చట్టం పోయిన రోజున మీ తర్వాత వచ్చేవాళ్లు ఆ సంఖ్య పెట్టి వెతికి, మిగతా పని స్టాటిక్ అనాలిసిస్‌కు అప్పజెప్పగలుగుతారు.